తూము తగువు: మూడో టేకు

పదకొండేళ్ళు నేనొక వార్తా చానెల్‌కి స్ట్రింగర్‌గా, అంటే వార్తకింతని ఇచ్చే విలేకరిగా పనిచేశాను. అది ఉద్యోగమని వాళ్ళెప్పుడూ అనలేదు, కాదని నేనెప్పుడూ ఒప్పుకోలేదు. లోగో ఉన్న మైకు చేతిలో ఉంటే చాలు, నౌపడ నుంచి టెక్కలి దాకా ఏ టీకొట్టులోనైనా నాకో కుర్చీ ఖాళీ అయ్యేది. ఫోనెత్తని అధికారులు నా ఫోనెత్తేవాళ్ళు. ఆ మైకు ఇప్పుడు నా అద్దె గదిలో బీరువా మీద పాత దుప్పటి కింద ఉంది. మానేసినప్పుడు వెనక్కి ఇమ్మన్నారు గానీ తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. పారేద్దామని రెండుసార్లు కిందికి దించి, మళ్ళీ అక్కడే పెట్టేశాను.

నన్ను పెంచింది మా మావ. నాన్న పోయాక అమ్మ నన్ను వెంటబెట్టుకుని తమ్ముడింటికి వచ్చేసింది. మావకి పిల్లల్లేరు. నేను డిగ్రీ తప్పినప్పుడు ఒక్క మాటనని మనిషి, టీవీలో మొదటిసారి నా గొంతు వినబడిన రోజు వీధంతా తిరిగి చెప్పొచ్చాడు. అత్త పోయింది, అమ్మ పోయింది, నేను పెళ్ళి చేసుకోలేదు. చేసుకోమని పోరడానికి ఈ లోకంలో నాకు మిగిలిన మనిషి ఆయనొక్కడే. ఆ పోరు కూడా ఇప్పుడు లేదు. దానికి కారణం నేనే.

మా ఊరికి ఒకవైపు పొలాలు, ఒకవైపు ఉప్పు మడులు. మధ్యలో ఉప్పుటేరు, ఏటి గట్టుకి ఒక తూము. తూముకి ఇనప తలుపు, దాన్ని ఎత్తడానికి ఒక చక్రం. తలుపెత్తితే సముద్రం పోటు నీళ్ళు మడుల్లోకి వస్తాయి, ఉప్పు పండించేవాళ్ళకి పని మొదలవుతుంది. అయితే ఎక్కువ ఎత్తితే ఆ నీళ్ళు గట్టు కింద నుంచి ఊరి పొలాల్లోకి ఊరతాయి. వరి కోతలప్పటికే చేలో పెసలు, మినుములు చల్లేసి ఉంటారు. ఉప్పునీళ్ళు తగిలితే ఆ మొక్క మాడిపోతుంది. ఉప్పువాళ్ళకి తలుపు ముందే ఎత్తాలి, పొలంవాళ్ళకి పెసలు ఇంటికొచ్చేదాకా ఎత్తకూడదు.

దీనికి మా ఊళ్ళో ఒక పద్ధతుండేది. ఏటా గ్రామసభలో ఎన్ని చుట్లని తేల్చుకునేవారు. చక్రం పూర్తిగా తిప్పితే పన్నెండు చుట్లు. పెసలు ఇంటికొచ్చేదాకా నాలుగు చుట్లా, అయిదా, మూడున్నరా అన్నదే బేరం. పొలంవాళ్ళ తరఫున మా మావ మాట్లాడేవాడు. ఉప్పువాళ్ళ తరఫున నేను పెద్నాన్న అని పిలిచే ఆయన. రక్తసంబంధం లేదు, ఊరి వరస. మావకి ఆయన బావ. ఒప్పందం కుదిరాక రెండు వైపుల నుంచీ ఇంటికొక మనిషి చొప్పున గట్టు పనికి వచ్చి మట్టి వేసేవారు. అది అయ్యాక ఇద్దరు ముసలాళ్ళూ చక్రానికి చెరోవైపు చెయ్యి వేసి ఎన్ని చుట్లనుకున్నారో అన్ని చుట్లు తిప్పేవారు. ఎక్కడా రాసుకునేది లేదు. నా చిన్నప్పటి నుంచీ అలాగే నడిచింది.

ఆ సభంత విసుగు పుట్టించే వ్యవహారం మరోటి ఉండదు. పంచాయతీ ఆఫీసు వరండాలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేస్తారు, మిగతావాళ్ళు నేల మీద. పెద్నాన్న "ఆరు సుట్లు బావా" అంటాడు. మావ పావుగంట ఏమీ అనడు. తర్వాత పోయినేడు కురిసిన వాన గురించి మాట్లాడతాడు. ఎవరో పెసర ధర సంగతెత్తుతారు, ఎవరో ఆడమనిషి గట్టు ఎక్కడ బలహీనంగా ఉందో చెబుతుంది. గంట తర్వాత మావ "మూడు" అంటాడు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, ఒకరికి ఎక్కడ నొప్పో రెండోవాడికి తెలుస్తూ, మెల్లగా నాలుగు దగ్గరికో నాలుగున్నర దగ్గరికో వచ్చేవారు. సభ మొదట్లో గొంతులు కాస్త పెద్దవిగా ఉండి, టీ వేళకి తగ్గిపోయేవి. నేను పనిచేసిన టీవీలో సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ గొంతు మెల్లగా మొదలై ప్రకటనల వేళకి పెరగాలి, లేకపోతే చూసేవాడు చానెల్ మార్చేస్తాడు. ఈ తేడా నాకు అప్పుడు తెలీదా అంటే, తెలుసు. తెలిసే చేశాను.

హైదరాబాదులో మా డెస్క్‌లో ఒకాయనుండేవాడు. మనిషిని నేనెప్పుడూ చూడలేదు, గొంతే తెలుసు. ఏ వార్త చెప్పినా ఆయన అడిగేది ఒకటే. "గొడవుందా?" మంచినీళ్ళ ట్యాంకు ఎండిపోయిందంటే గొడవుందా, బడికి పైకప్పు లేదంటే గొడవుందా. లేదంటే "చూద్దాంలే" అని పెట్టేసేవాడు. శ్రీకాకుళం జిల్లా అంటే వాళ్ళకి తుపాను, వలస, ఏనుగులు. ఆ మూడూ లేని రోజున మేము లేనట్టే లెక్క. రెండు నెలలు నా వార్త ఒక్కటీ రాలేదు. టీకొట్టులో కుర్చీ ఖాళీ అవడం మానేసింది. ఆ ఉక్రోషంలో ఒకరోజు ఫోన్‌లో అనేశాను, మా ఊళ్ళో ఉప్పువాళ్ళకీ పొలంవాళ్ళకీ తూము దగ్గర పెద్ద తగువుందని, సభ రోజున విజువల్స్ పంపిస్తానని. ఆయన గొంతులో మొదటిసారి ప్రాణం వచ్చింది. "ఉప్పు వర్సెస్ వరి" అన్నాడు. చేలో ఉన్నది వరి కాదండీ, పెసర అన్నాను. "పెసర ఎవరికెక్కుతుందయ్యా, వరి అని పెట్టుకుందాం" అన్నాడు.

సభ రోజు ఎచ్చెర్లలో ఒక పెద్దమనిషి కార్యక్రమం ఉందని నన్నక్కడికి తోలారు. ఆ పెద్దమనిషి రెండు గంటలు ఆలస్యం. నేను బస్సు దిగి ఊళ్ళోకి పరుగెత్తేసరికి సభ అయిపోయింది. జనం లేచి దులుపుకుంటున్నారు. నాలుగుంపావు చుట్లకి కుదిరిందట. మావ, పెద్నాన్న తువ్వాళ్ళు భుజాన వేసుకుని టీకొట్టుకి బయల్దేరుతున్నారు. వాళ్ళకో అలవాటుంది. ఒకే టీ చెప్పి రెండు గ్లాసుల్లో సగం సగం పోసుకుంటారు. పంచదార మంచిది కాదని డాక్టరు ఇద్దరికీ చెప్పాడు, దానికి వాళ్ళు కనిపెట్టిన వైద్యం అది.

"మావా, ఒక్కసారి మళ్ళీ సెయ్యరా?" అన్నాను.

"ఏటి మళ్ళీ సేసీది?"

"సభ. నాకు వీడియో కావాలి. లేపోతే నా పని పోతాది."

పని పోతుందన్నది అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. మావ వెంటనే వెనక్కి తిరిగాడు. పెద్నాన్న నవ్వుతూ "గుంటడి పని పోతాదంట, రా బావా, ఇంకోపాలి తగువాడుదుము" అన్నాడు. నాకప్పటికి నలభై దాటాయి, ఆయనకింకా గుంటడినే. వెళ్ళిపోతున్నవాళ్ళంతా సరదాగా మళ్ళీ కూర్చున్నారు. ఆడవాళ్ళు జుట్టు సర్దుకున్నారు.

మొదటిసారి చేసింది ఎందుకూ పనికిరాలేదు. మావ "మూడు" అన్నాడు, పెద్నాన్న "సరే, మూడే కానీ" అన్నాడు, ఇద్దరూ పగలబడి నవ్వారు. అప్పుడు నేను దర్శకుణ్ణయ్యాను. "అలాగ కాదు మావా, గట్టిగా అను."

"గట్టిగా ఏటనాలి? ఇందాకల గట్టిగా అన్లేదురా."

ఏమనాలో నేనే చెప్పాను. ఒక్క చుక్క ఉప్పునీళ్ళు మా చేల్లోకొచ్చినా ఊరుకోమని మావకి, మా పొట్ట కొడితే తూము తలుపు పీకి ఏట్లో పారేస్తామని పెద్నాన్నకి. ఆ మాటలు ఆ ఊళ్ళో అంతకుముందు ఎవరూ అనలేదు. నా నోట్లోంచే వచ్చాయి. రెండోసారి ఇద్దరూ ఆ మాటలన్నారు గానీ, చివర్లో పెద్నాన్నకి నవ్వాగలేదు. ఆయన్ని చూసి మావకీ నవ్వొచ్చింది. మావ చెయ్యి జాపి ఆయన తొడ మీద ఒక్కటి వేశాడు.

"నవ్వొద్దు" అన్నాను. అప్పుడు నాకో ఉపాయం తట్టింది. వాళ్ళు ఒకరినొకరు చూసుకోబట్టే నవ్వొస్తోంది. "మావా, పెద్నాన్న కేసి సూడకు. ఇటు సూడు. కెమెరా కేసి సూసి సెప్పు." పెద్నాన్నకీ అదే చెప్పాను.

మూడో టేకులో ఇద్దరూ నవ్వలేదు. కెమెరా కంట్లోకి చూసి, వేలెత్తి, ఒక్క తడబాటు లేకుండా అన్నారు. చాలా బాగా వచ్చింది. మొదటి రెండూ అక్కడికక్కడే చెరిపేశాను, చిప్‌లో జాగా లేదు. తర్వాత అందరం వెళ్ళి టీ తాగాం.

మర్నాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేశారు. ముఖాల చుట్టూ ఎర్రటి గుండ్రాలు, వెనకాల యుద్ధమొచ్చినట్టు సంగీతం. ఊరంతా సంబరపడింది. టీకొట్టులో టీవీ ముందు మావ, పెద్నాన్న పక్కపక్కనే కూర్చుని, వాళ్ళ ముఖాలు వచ్చినప్పుడల్లా ఒకరినొకరు పొడుచుకున్నారు. సాయంత్రం చర్చ పెట్టారు. ఒక పార్టీ ఆయన రైతు పక్షం, ఇంకో పార్టీ ఆయన ఉప్పు కార్మికుల పక్షం. ఆ ఇద్దరిలో ఒక్కరికీ తూముకి చక్రముంటుందని తెలీదు. డెస్క్ ఆయన నాకు ఫోన్ చేసి "అదరగొట్టావయ్యా" అన్నాడు. నేను ఆనందంగా ఉన్నాను, దాచుకోవడమెందుకు. ఆ రోజు నన్ను చూసి ముగ్గురు కుర్చీ ఇచ్చారు.

రెండో రోజు కూడా వేశారు. పెద్నాన్న వియ్యాలవారు ఫోన్ చేసి, అంత మాటన్నవాడితో ఇంకా టీ ఎలా తాగుతున్నావని అడిగారట. మావకి పక్కూరి రైతులు వచ్చి శాలువా కప్పారు. మా మావకి అంతకుముందు ఎవరూ శాలువా కప్పలేదు. మూడో రోజు టీకొట్టులో ఆ ముక్క వచ్చినప్పుడు ఎవరూ నవ్వలేదు. ఇద్దరూ వేరే బల్లల మీద కూర్చుని అటే చూశారు. ఆ వారంలోనే పార్టీలవాళ్ళు చెరో జెండాతో వచ్చారు. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. పొలాల వీధికి ఒక జెండా, ఉప్పు వీధికి ఒక జెండా పంచేశారు. అంతకుముందు మా ఊళ్ళో ఒకే ఇంట్లో రెండు పార్టీలుండేవి. ఎవరు ఎవరికేశారో తెలుసుకోవడం కష్టం. ఆ ఎన్నికల్లో వీధి చూస్తే ఓటు తెలిసిపోయింది.

ఆ ఏడు మండలాఫీసు నుంచి ఎవరో వచ్చి చక్రానికి తాళం వేసి పోయారు, గొడవలు జరక్కుండా. కుదిరిన నాలుగుంపావు చుట్లు ఎవరికీ గుర్తు లేవు. గట్టు పనికి రెండు వీధుల నుంచీ ఒక్కరూ రాలేదు. మడులు ఎండాకాలమంతా ఎండి, తాళం తీసేసరికి వానలొచ్చాయి. ఉప్పు లేదు. గట్టు మీద పిడికెడు మట్టి పడలేదు గనక, తర్వాత వచ్చిన తుపానుకి ఏరే పొలాల్లోకి వచ్చేసింది. పెసర సంగతి సరే, వరి కూడా పోయింది. అప్పుడు నిజంగా ఉప్పు వర్సెస్ వరి అయింది. డెస్క్‌కి ఫోన్ చేసి చెప్పాను. "పాత సబ్జెక్టే కదా" అన్నాడు.

నేను ఆ పని మానేసింది ఆ ఫోన్ తర్వాతే. మానేసి ఏదో గొప్ప పని చేశానని అనుకోను. మానేశాక మావ దగ్గరికి వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"మావా, ఆ మాటలు నానే గదా సెప్పించినాను. నీకు తెల్సు గదా."

"తెల్సు."

"పెద్నాన్నకీ నానే సెప్పించినాను."

"అదీ తెల్సురా. కానీ ఆడు అంత బాగా ఎలాగన్నాడు? కడుపులో లేపోతే అంత బాగా వస్తాదేటి?"

మావ టీవీ పెట్టాడు. అప్పటికే ఆయన రోజంతా చర్చలు చూడడానికి అలవాటు పడ్డాడు. ఒంటరిగా కూర్చుని ఆ తెరకి వేలు చూపించి జవాబులు చెబుతాడు. "సూటిగా సెప్పు, ఔనా కాదా" అంటాడు, యాంకరు అన్నట్టే. పావుగంట మాట్లాడకుండా కూర్చుని ఎదుటివాడి మనసు తెలుసుకునే మనిషి, ఆ మౌనమంతా ఎక్కడ పోగొట్టుకున్నాడో తెలీదు. నేను పక్కనే ఉన్నా నాతో మాట్లాడడు. కోపం కాదు, నేనున్నది ఆయనకి గుర్తుండదు. నేను ఆ ఇంటికెళ్ళడం తగ్గించాను. టెక్కలిలో గది తీసుకున్నాను. ఒక్కణ్ణే వండుకుని ఒక్కణ్ణే తింటూ, పక్కగదిలో టీవీ చర్చ వినబడితే కిటికీ వేసుకుంటాను. పదకొండేళ్ళు ఊళ్ళ గొంతులన్నీ పట్టి పంపిన నాకు ఫోన్ చేసే మనిషి ఇప్పుడు లేడు.

పెద్నాన్న ఉప్పు పని వదిలేసి బొబ్బిలిలో కూతురింటికి వెళ్ళిపోయాడు. పోయినేడు ధైర్యం చేసి చూడ్డానికి వెళ్ళాను. ఉప్పు మడి తొక్కి తొక్కి గట్టిపడిన కాళ్ళు, చేయడానికి పని లేక మెట్ల మీద ముడుచుకుని ఉన్నాయి. నన్ను చూసి సంతోషించాడు. కూతురితో టీ పెట్టించాడు. మావకి చెప్పిన మాటే ఆయనకీ చెప్పి క్షమించమన్నాను. శ్రద్ధగా విన్నాడు.

"నీ తప్పేటున్నాదిరా. నువ్వు అందరికీ అదే సెప్పినావు. కానీ మీ మావ మూడోపాలి నవ్వలేదు. నాను సూడలేదనుకున్నాడు. కెమెరా కేసి సూస్తూనే ఓరకంట సూసినాను. నవ్వలేదు."

నవ్వొద్దని చెప్పింది నేనే పెద్నాన్నా అన్నాను. తల ఊపాడు. నమ్మాడని అనుకోను. మా ముగ్గురికీ తెలిసిన నిజం ఒకటి, రోజంతా చూపించిన నిజం ఒకటి. వందసార్లు చూసిందే గట్టిదైంది. టీవీ వల్ల ప్రజాస్వామ్యానికి ఏమైందని పెద్దవాళ్ళు పెద్ద మాటల్లో రాస్తుంటారు. నాకు తెలిసింది చిన్నది. ఎదుటివాడి ముఖం చూసి మాట్లాడుకునే ఇద్దరు మనుషుల్ని నేను కెమెరా వైపు తిప్పాను. తర్వాత వాళ్ళు మళ్ళీ ఇటు తిరగలేదు.

మొన్న గ్రామసభ అంటే వెళ్ళాను. నా ఓటు ఇంకా ఆ ఊళ్ళోనే ఉంది. వరండాలో ఎదురెదురుగా రెండు కుర్చీలు అలవాటు కొద్దీ వేశారు. కార్యదర్శి, అయిదారుగురు మనుషులు, సంతకాల కోసం రిజిస్టరు. ఉప్పు వీధి నుంచి ఎవరూ లేరు. మావ వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. చిక్కిపోయాడు. తూము సంగతి ఏమిటని కార్యదర్శి అడిగితే లేచి నిలబడ్డాడు, తువ్వాలు సర్దుకున్నాడు, వేలెత్తాడు. ఎత్తి, మా ఎవరి వైపూ కాకుండా, ఆ రోజు నేను కెమెరా పెట్టుకుని నిలబడిన మూలకి తిరిగాడు. అక్కడ ఏమీ లేదు. అటూ ఇటూ వెతుక్కున్నాడు. ముందు వరసలో ఉన్న నన్ను చూశాడు.

"ఒరే, కెమెరా ఏదిరా?"

"తేలేదు మావా. ఆ పని మానీసినాను గదా."

"మరి ఎవులితో సెప్పాలి?"

నేను లేచి పెద్నాన్న కుర్చీలో కూర్చుందామనుకున్నాను. సగం లేచి, మళ్ళీ నేల మీదే కూర్చున్నాను. "నాతో సెప్పు మావా" అన్నాను. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. చాలా ఏళ్ళ తర్వాత అంతసేపు నా ముఖం చూడడం అదే. మెల్లగా కూర్చుని, ఎదుటి ఖాళీ కుర్చీ వైపు తిరిగి, అటు చూస్తూనే నన్నడిగాడు.

"మొదటి రెండుపాల్లూ నవ్వినాం గదేటి మీ పెద్నాన్నా నానూ. ఆ ముక్క నీ దగ్గిర ఉన్నాదేటి? ఉంటే బొబ్బిలి పంపించు. సూస్తాడు."

"లేదు మావా. జాగా లేక అప్పుడే సెరిపీసినాను."

"లోకమంతటికీ సూపించినావు" అన్నాడు మావ. గొంతులో కోపం లేదు. "మాయిద్దరికీ సూపించడానికి లేదన్నమాట."

కార్యదర్శి రిజిస్టరు తెచ్చి ముందు మావకిచ్చాడు, తర్వాత నాకు. తూముకి ఎన్ని చుట్లో తేలకుండానే నేను సంతకం పెట్టాను.